మిషన్ ట్రిప్‌కు విదేశం వెళ్లే మన ఆడపిల్లలు: బయల్దేరేముందు అడగాల్సిన సంగతులు

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల మిషన్ అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది సముద్రం దాటి ఇక్కడికి వచ్చినవాళ్లు. అమెరికా మిషనరీలు స్కడర్ అన్నదమ్ములు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్ వేలూరు వైపు నుంచి చిత్తూరు, మదనపల్లె దాకా బళ్లు, ఆసుపత్రులు పెట్టింది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన లూథరన్లు 1865లో సూళ్లూరుపేటలో అడుగుపెట్టి, తర్వాత శ్రీకాళహస్తి, తిరుపతి వైపు విస్తరించారు. తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ వరసలోదే. అంటే నూట యాభై ఏళ్లకు పైగా బయటివాళ్లు ఇక్కడికి రావడమే మనం చూశాం.

ఇప్పుడు మన చర్చి సంఘాల నుంచే పిల్లలు మిషన్ ట్రిప్‌కు, అంటే సువార్త పనికో సేవకో కొద్దికాలం విదేశానికి, బయల్దేరుతున్నారు. డిగ్రీ అయిపోయి పీజీ సీటు కోసం చూస్తున్న అమ్మాయి, నర్సింగ్ పూర్తిచేసి మొదటి ఉద్యోగంలో చేరిన అమ్మాయి, సండే స్కూల్ టీచరుగా పిల్లలకు పాటలు నేర్పే అమ్మాయి. నేపాల్‌కో, శ్రీలంకకో, కెన్యాకో వెళ్తున్నారు. నిజానికి తెలుగువాళ్లు సువార్త పనికి విదేశం వెళ్లడం కొత్తేమీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు పంపారు, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య సేవ చేయడానికి. ఆయన కుటుంబంతో వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఇప్పుడు కొత్తగా వచ్చింది వేరే: పెళ్లికాని ఆడపిల్లలు, తోడుగా నాన్నో అన్నో లేకుండా, కొద్దికాలానికి వెళ్లి తిరిగి వస్తున్నారు.

నేనూ సంఘంలో పెరిగినదాన్నే. ఈ ప్రయాణాలు మంచివా చెడ్డవా అని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. వెళ్లొచ్చిన పిల్లలతో కూర్చున్నప్పుడల్లా నాకు ఒకటే కనిపిస్తోంది. బయల్దేరేముందు ఎవరూ ప్రశ్నలు అడగలేదు, ఆ అమ్మాయి చేత అడగనివ్వలేదు. "దేవుడు పిలిచాక ఇంకా లెక్కలేంటి" అన్న ఒక్క మాటతో అన్నీ ఆగిపోయాయి. అడగడం అవిశ్వాసం కాదని గట్టిగా చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఈ ట్రిప్పులు ఎన్ని రకాలో తెలియాలి. ఒకటి, స్థానిక సంఘమే ఒక టీమ్‌ను కూడగట్టి పది పదిహేను రోజులకు తీసుకెళ్లేది. రెండోది, శిక్షణతో కలిసిన నెలల కార్యక్రమం. 1960లో మొదలైన యూత్ విత్ ఎ మిషన్ సంస్థ ఇందులో బాగా పేరున్నది. వాళ్ల శిష్యత్వ శిక్షణ దాదాపు ఆరు నెలలు ఉంటుంది, మొదట తరగతులు, తర్వాత బయటి ఊళ్లకో దేశాలకో పరిచర్య. మూడోది, ఆపరేషన్ మొబిలైజేషన్ లాంటి సంస్థలతో ఏడాది రెండేళ్ల సేవ. వాళ్ల లోగోస్ హోప్ ఓడ మీద అరవై దాకా దేశాల యువతీయువకులు వంటగదిలో, ఇంజన్ గదిలో, పుస్తకాల దుకాణంలో జీతం లేకుండా పనిచేస్తారు. చాలామంది తల్లిదండ్రులకు అర్థం కానిది ఇక్కడే ఉంది. వీటిలో ఏదీ ఉద్యోగం కాదు. జీతం రాదు, పైగా అమ్మాయే ఎదురు డబ్బు కట్టాలి, లేదా తన కోసం ప్రార్థించి కానుక ఇచ్చే మనుషుల్ని తనే వెతుక్కోవాలి.

మరి పిల్లలు ఎందుకు వెళ్తారు? మొదటి కారణం విశ్వాసమే, దాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఉపవాస కూటంలో కన్నీళ్లతో ప్రార్థించి "నన్ను పంపు ప్రభువా" అన్న అమ్మాయి ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. దాని పక్కనే ఇంకో కారణం ఉంది. కాలేజీ టూరుకు బెంగళూరు వెళ్తానంటే "ఆడపిల్లవి, అవసరమా" అనే ఇంట్లోనే, దేవుని పని అంటే తలుపు తెరుచుకుంటుంది. కుటుంబంలో మొదటి పాస్‌పోర్టు ఆ పిల్లదే అవుతుంది. బయట ఎక్కడా మైకు దొరకని పిల్లకు యవ్వనస్థుల కూటంలో పాట నడిపించే అవకాశం దొరుకుతుంది. లోకం చూడాలన్న కోరిక, దేవుడికి పనికిరావాలన్న కోరిక ఒకే మనసులో ఉండటంలో తప్పేమీ లేదు. మొదటిదాన్ని పాపంలా దాచిపెట్టాల్సి వచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. వెళ్లిన చోట ఇబ్బంది ఎదురైతే, "నీకే కదా వెళ్లాలని సరదా" అంటారేమోనని ఆ పిల్ల నోరు మూసుకుంటుంది.

మన వైపు నుంచి ఎక్కువమంది వెళ్లేది నేపాల్‌కే, ఎందుకంటే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. 15 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లకు ఆధార్ చెల్లదు, ఈ సంగతి తెలియక సరిహద్దు దగ్గర కంగారుపడేవాళ్లుంటారు. రైల్లో రెండు రాత్రులు గోరఖ్‌పూర్ దాకా, అక్కడి నుంచి రోడ్డు మీద సునౌలీ, నడుచుకుంటూ సరిహద్దు దాటితే ఆవల మళ్లీ బస్సు. బయల్దేరేముందు వారాల తరబడి చర్చి వెనక గదిలో ప్రాక్టీసు జరుగుతుంది. నోటుబుక్కులో నేపాలీ పాట తెలుగు అక్షరాల్లో రాసుకుని, కింద చేతులతో చేయాల్సిన అభినయం బొమ్మలు గీసుకుని, అర్థం సగం తెలిసీ తెలియకుండా పాడుతుంటారు. సూట్‌కేసులో పిల్లలకు చూపించే బైబిలు బొమ్మల అట్టలు, నిమ్మకాయ ఊరగాయ, ఇంటి నుంచి అమ్మ కట్టిచ్చిన వేరుశనగ పొడి.

అక్కడికెళ్లాక ఆశ్చర్యపోయేది తేడా చూసి కాదు, పోలిక చూసి. నేపాల్‌లో వారపు సెలవు శనివారం కాబట్టి ఆరాధన కూడా శనివారమే. చెప్పులు గుమ్మం బయట, నేల మీద పరుపులు, ఆడవాళ్లు ఒకవైపు మగవాళ్లు ఒకవైపు, ప్రార్థన మొదలవగానే తలమీదికి శాలువా. మనం వందనాలు అన్నట్టు వాళ్లు "జయ్ మసీహ" అంటారు. మన పల్లె సంఘంలో ఉన్నట్టే ఉంటుంది. తాము ఇవ్వడానికి వచ్చామనుకున్న పిల్లలకు, అక్కడి ఆడవాళ్లు తమకంటే గట్టి విశ్వాసంతో ఉన్నారని మొదటి శనివారమే తెలిసిపోతుంది. నేపాల్ 2021 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1.76 శాతం. ఆ సంఘాలు పెరిగింది ప్రధానంగా అక్కడి మనుషుల వల్లే, రెండు వారాలకు వచ్చిపోయే బృందాల వల్ల కాదు.

చట్టం సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలా టీమ్‌లు గాలికి వదిలేస్తున్నాయి. నేపాల్ 2015 రాజ్యాంగం 26వ అధికరణ ఇంకొకరి మతం మార్పించడాన్ని నిషేధిస్తోంది. 2018 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్పించినా, ప్రయత్నించినా ఐదేళ్ల దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష పూర్తయిన ఏడు రోజుల్లో దేశం నుంచి పంపించేస్తారు. సంచిలో కరపత్రాలు పెట్టుకుని బజారులో పంచడం ఎంత ప్రమాదమో ఇక్కడే అర్థమవుతుంది. అంతకంటే పెద్ద విషయం, మన టీమ్ వెనక్కి వచ్చేస్తుంది, అక్కడి పాస్టరు మాత్రం అదే ఊళ్లో ఉండాలి. మన ఉత్సాహానికి మూల్యం చెల్లించేది ఆయన, ఆయన పిల్లలు. ఇది ముందే చెబితే మన పిల్లలు భయపడరు, జాగ్రత్తపడతారు. తిరుమల లాంటి నోటిఫై చేసిన క్షేత్రాల్లో వేరే మత ప్రచారం చేయకూడదని 2007లో మన రాష్ట్రంలోనే చట్టం వచ్చింది. కొండ కింద పెరిగిన క్రైస్తవ పిల్లకు ఎక్కడ మాట్లాడాలో, ఎక్కడ ఊరుకోవాలో చిన్నప్పటి నుంచే తెలుసు. ఆ తెలివిని సరిహద్దు దాటగానే పక్కన పెట్టమని ఏ లీడరూ చెప్పకూడదు.

గల్ఫ్ వైపు మరో రకం చిక్కు. అన్నమయ్య, కడప, చిత్తూరు, తిరుపతి జిల్లాల ఆడవాళ్లు ఎందరో కువైట్‌లో ఇంటి పనుల్లో ఉన్నారు, అక్కడ తెలుగు సంఘాలున్నాయి, కూటాలకు ఇక్కడి నుంచి మనుషుల్ని పిలుస్తుంటారు. సంఘం లోపల ఆరాధన ఒక ఎత్తు, ముస్లింల మధ్య ప్రచారం మరో ఎత్తు, రెండోది నేరం. విజిట్ వీసా మీద వెళ్లి ఏ పనిలో చేరినా నేరమే. "పరిచర్యకు రమ్మంటున్నారు, అక్కడికొచ్చాక చిన్న పని కూడా చూపిస్తారట" అని ఎవరైనా అంటే, అక్కడే ఆగాలి. పదో తరగతి పాస్ కాని ఆడవాళ్లు 30 ఏళ్లలోపు గల్ఫ్‌లో ఇంటి పనికి వెళ్లడానికి మన ప్రభుత్వమే అనుమతి ఇవ్వదు, కారణం లేకుండా పెట్టిన షరతు కాదది.

ఆఫ్రికాలో కెన్యా లాంటి దేశాలకు వెళ్లేవాళ్లకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. మనవాళ్లు చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేయించుకుంటుంటారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా ఆపేస్తారు.

ఇక అసలు ప్రశ్న, అక్కడికెళ్లి ఏం చేస్తారు?

ఇక్కడ మన నేల మీద జరిగిన ఒక కథ ఉంది. అయిడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టింది. అమెరికాలో చదువుకున్న ఆమె 1890లో, తల్లికి ఒంట్లో బాగాలేదని తిండివనం వచ్చింది. చూసి వెళ్లిపోదామనే వచ్చింది, మిషనరీ కావాలన్న ఆలోచనే లేదు. ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు విడివిడిగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యల్ని కాపాడమని అడిగారు. ఆమె తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టరును వాళ్లు ఒప్పుకోలేదు. ఆమె ఆడది, కానీ డాక్టరు కాదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ తర్వాత ఆమె చేసిన పని చూడండి. నాకు మనసుంది చాలు అని ఆ ఇళ్లకు పరిగెత్తలేదు. అమెరికా వెళ్లి వైద్యం చదివింది. 1899లో కార్నెల్‌లో డిగ్రీ తీసుకుని, 1900లో వేలూరు వచ్చింది. 1902లో ఆసుపత్రి, 1918లో ఆడవాళ్లకు వైద్య పాఠశాల. ఈరోజు చిత్తూరు నుంచి బస్సెక్కి మనం వెళ్లే సీఎంసీ ఆసుపత్రి అట్లా పుట్టింది. పిలుపు వినడానికీ పని మొదలుపెట్టడానికీ మధ్య ఏళ్ల తరబడి చదువుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఉగాండాలో జరిగింది. రెనే బాక్ అనే అమెరికా అమ్మాయి 2007లో, పద్దెనిమిదేళ్ల వయసులో, మిషన్ పని మీద జింజా పట్టణానికి వెళ్లింది. 2009లో తిరిగొచ్చి సర్వింగ్ హిస్ చిల్డ్రన్ అనే సంస్థ పెట్టింది, తిండిలేక చిక్కిపోయిన పిల్లల్ని అక్కడ చేర్చుకునేవాళ్లు. ఆమెకు వైద్య విద్య లేదు. 2010 నుంచి 2015 మధ్య అక్కడ చేరిన 940 మంది పిల్లల్లో 105 మంది చనిపోయారు. 2019లో ఇద్దరు తల్లులు కోర్టుకెక్కారు. తాను డాక్టరునని ఎప్పుడూ చెప్పుకోలేదని ఆమె అంది. 2020లో తప్పు ఒప్పుకోకుండానే పరిహారం ఇచ్చి రాజీ చేసుకున్నారు. ఆ అమ్మాయి మనసు చెడ్డదని నేననను. మంచి మనసుకు ఎవరూ అడ్డు చెప్పకపోవడమే అక్కడ జరిగిన నష్టం.

మన నర్సింగ్ పిల్లలకు ఇది నేరుగా వర్తిస్తుంది. మెడికల్ క్యాంపు పేరుతో తీసుకెళ్లి, అక్కడ డాక్టరు చేయాల్సిన పని చేయమంటే, "అక్కా, అది నా పని కాదు" అనే ధైర్యం ఆ పిల్లకు ముందే ఇచ్చి పంపాలి. మన దేశపు నర్సింగ్ రిజిస్ట్రేషన్ వేరే దేశంలో దానంతటదే చెల్లదు. ఇంకొకటి, ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగి అయి, ఖర్చులు విదేశీ సంస్థ పెట్టుకుంటుంటే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 6వ సెక్షన్ ప్రకారం కేంద్రం అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్రభుత్వ టీచరుకూ ఇదే నియమం. తెలియక చిక్కుల్లో పడితే పోయేది ఉద్యోగం.

అనాథాశ్రమాల సందర్శన గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది, దాన్ని ప్రోగ్రాంలోంచి తీసేయాలి. నేపాల్ ఆశ్రమాల్లోని పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యునిసెఫ్ ఎప్పటి నుంచో చెబుతోంది. చూడటానికి వచ్చేవాళ్లు పెరిగేకొద్దీ పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి చూపించడం పెరిగింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ కూడా ఈ ధోరణిని తప్పుపట్టింది. మనకు ఇది అవతలి నుంచీ తెలుసు. మన జిల్లాలోనే హాస్టళ్లకు విదేశీ బృందాలు వచ్చినప్పుడు పిల్లల్ని వరసగా నిలబెట్టి పాట పాడించడం, మెడలో చేతులేసి ఫొటోలు దిగడం, వారం తర్వాత ఆ అక్క మళ్లీ ఎప్పుడొస్తుందని పిల్లలు అడుగుతుంటే వార్డెనమ్మ మాట దాటేయడం చూశాం. అదే పని మనం వేరే దేశపు పిల్లలకు చేయకూడదు.

డబ్బు సంగతి మాట్లాడటానికి మన సంఘాల్లో ఇబ్బందిపడతారు. 2005 నాటి అంచనా ప్రకారం అమెరికా సంఘాల నుంచి ఏటా సుమారు 16 లక్షల మంది పెద్దలు ఇట్లా విదేశం వెళ్లేవాళ్లు. అంతమంది వెళ్తే ఫలితమేంటని అక్కడివాళ్లే లెక్క చూశారు. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండురస్‌లో ఇళ్లు కట్టిన బృందాలను కర్ట్ వెర్ బీక్ అనే సామాజిక శాస్త్రవేత్త పరిశీలించారు. ప్రయాణ ఖర్చులతో కలిపి బయటి బృందం కట్టిన ఇంటికి దాదాపు 30,000 డాలర్లు పడితే, స్థానిక క్రైస్తవ సంస్థలు అదే ఇంటిని 2,000 డాలర్లకు కట్టాయి. ఇల్లు ఎవరు కట్టినా అందులో ఉండేవాళ్ల జీవితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వెళ్లొచ్చినవాళ్లు తర్వాత ఇచ్చే కానుకలు కూడా పెద్దగా పెరగలేదు.

మన టీమ్‌ల ఖర్చు అంత ఉండదు. కానీ ఇచ్చేవాళ్లు కూడా అంత ఉన్నవాళ్లు కాదు. పూలమ్ముకునే అమ్మ వంద రూపాయలు కవరులో పెట్టి ఇస్తుంది. డ్వాక్రా లోను తీసి కూతురి టికెట్ కట్టే తల్లులుంటారు. కాబట్టి లెక్క రాతలో ఉండాలి, టికెట్లకు ఎంత, బసకు ఎంత, అక్కడి సంఘానికి ఇచ్చింది ఎంత అని ఆదివారం చదివి వినిపించాలి. అడిగితే అయ్యగారు బాధపడతారేమో అని ఊరుకోకండి. నిజాయితీగల పాస్టరు గారికి అడగకముందే చెప్పడం ఇష్టంగా ఉంటుంది. డబ్బు ఎవరు ఇచ్చారన్నది ఆ అమ్మాయి స్వేచ్ఛకు కూడా సంబంధించినదే. అంతమంది ఇచ్చిన కానుకతో వచ్చిన పిల్ల, మధ్యలో "నాకిక్కడ బాగాలేదు, వెళ్లిపోతాను" అనగలదా? అందుకే బయల్దేరేముందే ఆమె పేరు మీద తిరుగు టికెట్ ఉండాలి, దాన్ని ఎప్పుడైనా వాడుకోవచ్చని అందరి ముందూ చెప్పాలి.

పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. భద్రంగా ఉంటాయని టీమ్ లీడరు అందరివీ ఒక సంచిలో వేసుకోవడం మామూలైపోయింది. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, దాన్ని స్వాధీనం చేసుకునే అధికారం ఏ సంస్థకూ, ఏ పాస్టరుకూ లేదు. ఫోనూ అంతే. ఆత్మీయ క్రమశిక్షణ పేరుతో ఫోన్లు తీసేసుకోవడం కొన్నిచోట్ల ఉంది. ఆరాధన సమయంలో పక్కన పెట్టమంటే సరే, రాత్రి అమ్మకు ఫోన్ చేసుకోనివ్వకపోతే అది క్రమశిక్షణ కాదు.

ఎవరూ పైకి చెప్పని కష్టాలు ఇంకొన్ని ఉన్నాయి. రైల్లో నెలసరి వస్తే ఎవరికి చెప్పాలో తెలియక, మగ లీడరును బండి ఆపమని అడగలేక అవస్థపడటం. అబ్బాయిలు వాక్యం చెబుతుంటే అమ్మాయిలు వంటకీ గిన్నెలకీ పరిమితమవడం. టీమ్‌లోని ఒక అబ్బాయితో "దేవుడే మిమ్మల్ని కలిపాడు" అని పెద్దలే సంబంధం మొదలుపెట్టడం. ఇంటికి దూరంగా, భాష రాని చోట, ప్రార్థన కన్నీళ్ల మధ్య ఆ మాట వింటే కాదనడం ఇరవై ఏళ్ల పిల్లకు ఎంత కష్టమో ఆలోచించండి. అంతకంటే ఘోరమైనవీ జరగొచ్చు. అప్పుడు చట్టం తోడుంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం జీతం తీసుకునేవాళ్లకే కాదు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది, పని మీద వెళ్లిన ప్రయాణం కూడా అందులోకి వస్తుంది. పది మంది, అంతకు పైన పనిచేసే సంస్థ అయితే సొంత కమిటీ ఉండాలి, అంతకంటే చిన్నదైతే జిల్లా స్థాయి కమిటీకి మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వొచ్చు. విదేశంలో ఉండగానే సాయం కావాలంటే అక్కడి భారత రాయబార కార్యాలయం ఉంది, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది. కాగితం మీద ఈ వివరాలన్నీ రాసి ఒకటి అమ్మాయి చేతికి, ఒకటి ఇంట్లో ఇవ్వాలి.

ఫొటోల గురించి కూడా. మన దళిత క్రైస్తవ కుటుంబాలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల కుల ధృవీకరణ విషయంలో ఉండే టెన్షన్ అందరికీ తెలిసిందే. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోయి బీసీ-సీలోకి వెళ్లాలి. అలాంటి పరిస్థితిలో, అడగకుండా ఒక పిల్ల ఫొటో తీసి "మా సువార్తికురాలు" అని ఫేస్‌బుక్‌లో పెట్టడం ఆమె చదువు మీద, కుటుంబం మీద ఎటు తిరిగి పడుతుందో పెట్టినవాళ్లకు తెలియదు. ఆమె అనుమతి లేకుండా పెట్టకూడదు, అంతే.

తిరిగొచ్చాక మొదటి ఆదివారం సంఘం ముందు సాక్ష్యం, అంటే తన అనుభవం, చెప్పమంటారు. ఐదు నిమిషాలు. ఎంతమందికి సువార్త అందిందో, ఏ అద్భుతం జరిగిందో చెప్పాలి. అక్కడి ఆడవాళ్ల దగ్గర తనే నేర్చుకున్నానని, రెండో వారం ఇంటి మీద బెంగతో ఏడ్చానని, కరపత్రాలు పంచమంటే భయమేసిందని, ఒక రాత్రి లీడరు మాట నచ్చలేదని చెప్పడానికి అక్కడ చోటుండదు. చెప్పనివి లోపలే ఉండిపోతాయి. కొందరు పిల్లలు ఆ తర్వాత నెమ్మదిగా సంఘానికే దూరమవుతారు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. ఇంకొందరికి ఆ ప్రయాణమే దారి చూపిస్తుంది: సోషల్ వర్క్ చదవాలనో, నర్సింగ్‌లో పై చదువుకు వెళ్లాలనో, వేరే భాష నేర్చుకోవాలనో నిర్ణయించుకుంటారు. అది కూడా ఐదు నిమిషాల సాక్ష్యంలో ఇమడదు.

కాబట్టి సాక్ష్యం కంటే ముందు, ఇంటికొచ్చిన వారంలోపే, ఆ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి తీరిగ్గా వినాలి. వినేది టీమ్ లీడరు కాకూడదు, ట్రిప్‌కు డబ్బిచ్చిన మనిషీ కాకూడదు. సంఘంలో ఆ పిల్ల అక్కా అని పిలుచుకునే ఇద్దరు ఆడవాళ్లు చాలు. ఆమె పేరు బయటపడకుండా, వాళ్లు విన్నది రాతలో సంఘ పెద్దల చేతికి అందాలి, తర్వాతి టీమ్‌కు టికెట్లు తీయకముందే.